ఉద్దానం తీరంలో రిసార్ట్ కట్టాలంటే: ప్లాన్ గీసే ముందు చూడాల్సినవి

ఈమధ్య ఒకాయన ఫోన్ చేసి, మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గర నాలుగెకరాల కొబ్బరి తోట తీసుకున్నానని, రిసార్ట్ కడతానని, అందులో మన శ్రీకాకుళం సంస్కృతి కనబడాలని చెప్పారు. నాకు చాలా సంతోషమేసింది. ఐదు నిమిషాల్లో ఆయన పంపిన ఫొటోలు చూస్తే పదికి పదీ ఇండోనేసియాలోని బాలి దీవివి. ఆయన్ని తప్పుపట్టను, ఎందుకంటే మన దగ్గర కట్టినవి చూపిద్దామంటే చూపించడానికి పెద్దగా లేవు. భోగాపురంలో ఎయిర్‌పోర్ట్ పనులు మొదలైనప్పటి నుంచి చింతపల్లి మొదలుకొని బారువ దాకా తీరం వెంట భూములు చేతులు మారుతున్నాయి. కట్టేవాళ్లు ఎలాగూ కడతారు. ఎలా కడితే ఈ నేలకు, ఈ ఊళ్లకు అన్యాయం జరగదో నాకు తెలిసినంత రాస్తున్నాను. ఈ తీరంలో పదిహేనేళ్లుగా కట్టడాల పనే చేస్తున్నాను, కాబట్టి చాలా మటుకు చేతులు కాల్చుకొని నేర్చుకున్నదే.

మొదటిసారి సైట్‌కి వెళ్లినప్పుడు టేపు తీసుకెళ్లకండి. ఒక రోజంతా ఊరికే ఉండండి. తెల్లారి నాలుగింటికి పడవలు ఎక్కడ దిగుతున్నాయి, వల లాగేవాళ్లు ఎక్కడ నిలబడుతున్నారు, ఎండు చేపలు ఏ ఇసుక మీద ఆరబోస్తున్నారు, ఆవుల్ని ఏ డొంక వెంట తోలుకెళ్తున్నారు, గంగమ్మ గుడికి ఆడవాళ్లు ఎటు నుంచి నడిచి వెళ్తున్నారు, ఇవి చూసి ఒక కాగితం మీద గీతలు గీసుకోండి. మీ రిసార్ట్‌కి మొదటి డ్రాయింగ్ అదే. ఆ గీతల్లో ఒక్కదానికీ మీ గోడ అడ్డం రాకూడదు. ఆ తర్వాత కనీసం ఇంకో రెండు సార్లు వెళ్లాలి, ఒకసారి మే నెల మధ్యాహ్నం, ఒకసారి గట్టి వాన పడిన మర్నాడు. వాన మర్నాడు నీళ్లు ఎక్కడ నిలిచాయో చూడకుండా కాటేజీలు ఎక్కడ పెట్టాలో తేల్చిన ఆర్కిటెక్ట్ మాట నేను నమ్మను.

ఒక మాట గట్టిగా చెప్పాలి. కాగితాల్లో 'బంజరు' అని ఉన్నంత మాత్రాన అది ఖాళీ నేల కాదు. సోంపేట దగ్గర బీల సంగతి అందరికీ తెలిసిందే. బయటివాళ్లకి అది పనికిరాని చిత్తడి, అక్కడి వాళ్లకి చేపలు, పశువుల మేత, పొలాలకు నీళ్లు. అక్కడ థర్మల్ ప్లాంట్ పెడతామంటే ఊళ్లకు ఊళ్లు అడ్డం నిలబడ్డాయి, 2010 జూలైలో కాల్పుల దాకా వెళ్లింది, ప్రాణాలు పోయాయి. మీది చిన్న రిసార్టే కావచ్చు, కానీ ఆ నేల ఎవరికి ఎలా పనికొస్తోందో అడగకుండా మొదలుపెడితే తప్పు అదే తప్పు.

రూల్స్ విషయం త్వరగా చెప్పేస్తాను. తీరంలో కట్టడాల్ని అదుపు చేసే 2019 సీఆర్‌జెడ్ (కోస్టల్ రెగ్యులేషన్ జోన్) నోటిఫికేషన్ ప్రకారం పల్లె ప్రాంతాల్లో జనసాంద్రత చదరపు కిలోమీటరుకి 2161 కంటే తక్కువ ఉంటే హై టైడ్ లైన్, అంటే పోటు నీరు చేరే గీత, నుంచి 200 మీటర్ల దాకా కట్టకూడని జోన్, అంతకంటే ఎక్కువ సాంద్రత ఉంటే 50 మీటర్లు. మన తీరపు పల్లెల్లో మీకు తగిలేది చాలా వరకు 200 మీటర్లదే అనుకొని మొదలుపెట్టండి, తర్వాత ఆమోదించిన మ్యాపులో మీ సర్వే నంబర్ వెతికి ఖాయం చేసుకోండి. బీచ్ రిసార్టులకి విడిగా షరతులున్నాయి: స్థలం కనీసం 0.4 హెక్టార్, అంటే దాదాపు ఎకరం, ఉండాలి. అన్ని అంతస్తులూ కలిపి కట్టిన విస్తీర్ణం స్థలంలో 33 శాతం దాటకూడదు, కప్పు కొన వరకు ఎత్తు 9 మీటర్లు మించకూడదు, కింద ఒకటి పైన ఒకటి, అంతే. రెండు రిసార్టుల మధ్య జనం సముద్రానికి వెళ్లడానికి 20 మీటర్ల వెడల్పు వదలాలి. ఇసుక దిబ్బల్ని చదును చేయకూడదు. ఇంకో షరతు కూడా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు: కట్టడం చుట్టూ ఉన్న నేలకు, స్థానిక నిర్మాణ శైలికి తగ్గట్టు ఉండాలి. అంటే నేను ఇక్కడ చెబుతున్నది మంచితనం కొద్దీ చేసే పని మాత్రమే కాదు, రూల్ కూడా.

ఇసుక దిబ్బ జోలికి పోవద్దు

పని మొదలుపెట్టిన కొత్తలో ఒక చోట ఓనర్ గారు సముద్రం గదిలోంచే కనబడాలని పట్టుబట్టి, నేను సైట్‌లో లేని రోజున జేసీబీ పెట్టి ముందున్న దిబ్బని తీయించేశారు. నేను గట్టిగా వద్దని చెప్పి ఉండాల్సింది, చెప్పలేకపోయాను. మొదటి ఏడాది చాలా అందంగా ఉంది. రెండో ఏడాది గాలులకి ఇసుక ఎగిరొచ్చి భోజనాల హాల్లో మోకాలి లోతు పేరుకుంది, బావి నీళ్లు ఉప్పగా మారాయి, వెనకున్న రైతు జీడి తోటలో కూడా ఇసుక పడింది. ఆ రైతు మాతో గొడవ పెట్టుకోలేదు. "మా తాతల నాటి దిబ్బ బాబూ, దాన్ని ఎందుకు తీసారు" అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

దిబ్బ అంటే మట్టికుప్ప కాదు. దాని మీద పాకే బాలబంద తీగ ఇసుకని పట్టి ఉంచుతుంది, వెనక మొగలి పొదలు గాలిని కోస్తాయి, ఆ వెనక సరుగుడు, దాని చాటున జీడి, కొబ్బరి. ఉద్దానంలో తోటలు బతికింది ఈ వరస వల్లే. మీ కట్టడం ఆ వరసలో ఆఖరున, కొబ్బరి నీడలో ఉండాలి. సముద్రం చూడాలనుకునే అతిథి ఒక చెక్క బాట మీద దిబ్బ దాటి నడిచి వెళ్తాడు. ఆ బాటని నేలకి రెండడుగుల ఎత్తులో గుంజల మీద వేయండి, కింద తీగ పాకుతుంది, ఇసుక కదులుతుంది. గదిలోంచి అలల చప్పుడు వింటూ ఉండి, నడిచి దిబ్బ ఎక్కగానే ఒక్కసారిగా సముద్రం కనబడితే ఆ అనుభవమే వేరు, అద్దాల కిటికీ దాన్ని ఇవ్వలేదు.

చెట్లు కూడా అంతే. ముందు ప్రతి కొబ్బరికి, జీడికి, పనసకి నంబర్ వేసి డ్రాయింగ్‌లో పెట్టించండి, గదులు వాటి సందుల్లో ఇరికించండి. శ్రీలంకలో దంబుల్లా దగ్గర అక్కడి ఆర్కిటెక్ట్ జెఫ్రీ బావా కట్టిన కందలమ హోటల్ చూడండి, 1994లో తెరిచారు. కొండని తొలవకుండా దాన్ని ఆనుకొని పొడుగ్గా సాగుతుంది, కింద నుంచి వాన నీరు పారిపోతుంది, ఇప్పుడు తీగలు కప్పేసి కట్టడం ఎక్కడుందో దూరం నుంచి తెలియదు. అది అక్కడి కొండకి తగిన జవాబు, దాన్ని తెచ్చి మన ఇసుకలో పెట్టకూడదు. మనం తీసుకోవాల్సింది ఆయన నేల ముందు తలొంచిన తీరు.

చుట్టిల్లు నేర్పేది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన తీరంలో పాత చుట్టిళ్లు ఇంకా అక్కడక్కడా మిగిలి ఉన్నాయి, మత్స్యకారుల పల్లెల్లో వెతికితే కనబడతాయి. గుండ్రటి మట్టి గోడ, మీద కోసుగా తాటాకు కప్పు, చూరు ఎంత కిందికి ఉంటుందంటే వంగి లోపలికి వెళ్లాలి. అది పేదరికం వల్ల వచ్చిన ఆకారం అనుకుంటారు చాలామంది. కాదు, తుఫాను వల్ల వచ్చింది. గోడ గుండ్రంగా ఉంటే గాలి కొట్టడానికి చదునైన ముఖం దొరకదు, పక్కకి జారిపోతుంది. చూరు కిందికి ఉంటే గాలి కప్పు కిందికి దూరి పైకెత్తడానికి చోటు ఉండదు. ఒక పెద్దాయన నాకు చెప్పిన మాట: "గాలికి మూల చూపిస్తే పట్టుకుంటాది బాబూ." పుస్తకాల్లో రెండు పేజీల్లో ఉన్నది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు.

మన దగ్గర తుఫాను ఎప్పుడో ఒకసారి వచ్చే ముచ్చట కాదు. ఫైలిన్ 2013 అక్టోబర్ 12న, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న. తేదీలు చూడండి. తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది, ఉద్దానంలో తరాల నాటి కొబ్బరి, జీడి ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. కాబట్టి ఇక్కడ కప్పు అనేది అలంకారం కాదు. మన తీరానికి కట్టడాల కోడ్ (ఇంజనీర్లు పాటించే జాతీయ ప్రమాణం) చెప్పే ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఏ 'ట్రైబల్ హట్' డిజైన్ తెచ్చినా స్ట్రక్చరల్ ఇంజనీర్ దగ్గర ఈ అంకె పెట్టి లెక్క కట్టించండి.

అయితే చుట్టిల్లుని ఉన్నదున్నట్టు కాపీ కొట్టమని కాదు. గుండ్రటి గదిలో మంచం, బాత్రూం, అల్మరా ఇమడ్చడం నిజంగా కష్టం, లోపల చీకటి, అతిథులకి తల తగులుతుంది. నేను చేసేది ఏమిటంటే, పడకగది గుండ్రంగా లేదా ఎనిమిది పలకలుగా పెట్టి, బాత్రూంని వెనక విడిగా చిన్న చదరపు గదిగా కలుపుతాను. చదరపు గది తప్పనప్పుడు కప్పుని నాలుగు వైపులా వాలు ఉండేలా వేస్తాను, రెండు వైపులే వాలుంటే మిగిలిన రెండు చివరల త్రికోణపు గోడలే ముందు పడిపోతాయి. వసారా కప్పుని ఇంటి కప్పుతో ఒకే ముక్కగా లాగకండి. రెండూ వేరు వేరు చేస్తే, గాలి వసారాని ఎత్తుకుపోయినా ఇల్లు నిలబడుతుంది. ఇది చిన్న వివరమే అనిపిస్తుంది గానీ హుద్‌హుద్ తర్వాత విజయనగరం వైపు తిరిగినప్పుడు ఎన్ని ఇళ్లకి వసారా రేకు పట్టుకొని మొత్తం కప్పు లేచిపోయిందో చూశాక నేను దీన్ని ఎప్పుడూ వదల్లేదు.

తాటాకు వేయాలా, పెంకు వేయాలా? ఓనర్లు ఎక్కువగా ఈ ప్రశ్న దగ్గరే తిరుగుతారు. తాటాకు చల్లగా ఉంటుంది, అందం సరే, కానీ రెండు మూడేళ్లకోసారి మార్చాలి, నిప్పు భయం ఉంది. అందుకని ఊళ్లో ఇల్లు కప్పేవాళ్లతో ఏటేటా పని ఒప్పందం రాసుకోగలిగితేనే తాటాకు పెట్టండి. ప్లాస్టిక్ తాటాకు మాత్రం దయచేసి వద్దు, రెండు ఎండలకి రంగు పోతుంది, ముక్కలై సముద్రంలో కలుస్తుంది, ఊళ్లో ఒక మనిషికి పని లేకుండా చేస్తుంది. పెంకు అయితే గూన పెంకు చాలా బాగుంటుంది, పాత ఇళ్లు పడగొట్టిన చోట దొరుకుతుంది, కానీ తుఫానుకి ఎగురుతుంది కాబట్టి చూరు దగ్గర, కొప్పు దగ్గర వరసల్ని సున్నంతో కదలకుండా పట్టించండి. కింద వాసాల్ని గోడ మీద చుట్టూ తిరిగే కాంక్రీటు పట్టీకి (బెల్ట్ బీమ్) బోల్టులతో బిగించాలి, మేకులు చాలవు. ఆ బోల్టులు మామూలు ఇనుమువి అయితే ఉప్పు గాలికి తొందరగా తుప్పు తినేస్తాయి, స్టెయిన్‌లెస్ కాకపోతే కనీసం మందంగా గాల్వనైజ్ చేసినవి, అంటే జింకు పూత వేసినవి, వాడండి.

గోడలకి ఊరి మట్టే వాడొచ్చు. ముందు పరీక్ష చేయించి, ఐదు నుంచి ఎనిమిది శాతం సిమెంటు కలిపి ప్రెస్‌లో కొట్టిన మట్టి ఇటుకలు తీరంలో బాగానే నిలుస్తాయి, అయితే పునాది, నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు రాయి ఉండాలి. రాయికి మనకేం కొదవ, టెక్కలి గ్రానైట్ క్వారీల దగ్గర పనికిరాదని పారేసిన ముక్కలు గుట్టలుగా ఉంటాయి. ప్లాస్టరింగ్‌కి గుల్ల సున్నం, వీలైతే కరక్కాయ, బెల్లం నీళ్లతో. అది గోడని ఊపిరి పీల్చుకోనిస్తుంది, ఉప్పు తేమ లోపల ఇరుక్కోదు. ఇక్కడే ఇసుక ఉంది కదా అని బీచ్ ఇసుక కలిపే మేస్త్రీలు ఉన్నారు, అది ఒప్పుకోవద్దు, ఆ ఉప్పు కాంక్రీటు లోపలి ఇనుప చువ్వని తినేస్తుంది. వెదురు వాడితే కనీసం కొన్ని వారాలు నీళ్లలో నానబెట్టినదే తీసుకోండి, లేకపోతే పురుగు పడుతుంది.

వీధి, అరుగు, గోడ

గదుల అమరికకి కూడా ఊరే చెబుతుంది. మన పల్లెల్లో ఇళ్లు గోడకి గోడ ఆనుకొని వరసగా ఉంటాయి, ముందు అరుగు, లోపలికి పొడుగ్గా సాగి వెనక పెరట్లో తేలతాయి. ఇల్లు సన్నమైనా గాలి ముందు నుంచి వెనక్కి దూసుకుపోతుంది. సాయంత్రం జనం అరుగు మీదే ఉంటారు. రిసార్టులో విడివిడి కాటేజీలు చల్లేసి మధ్యలో లాన్ పరిచే బదులు, ఎనిమిది పది గదుల్ని ఇలా ఒక వీధిలా కూర్చి చూడండి. ఒకరి నీడ ఒకరికి పడుతుంది, పైపులు, తీగలు తగ్గుతాయి, మిగిలిన నేలంతా తోటగానే ఉండిపోతుంది. అరుగు మూడడుగుల వెడల్పు తగ్గకుండా పెట్టండి, కాళ్లు ముడుచుకొని కూర్చోగలగాలి.

పదడుగుల కాంపౌండ్ గోడ కట్టకండి. మొగలి, కలబంద, జిల్లేడు కంచె చాలు. గోడ కడితే వాన నీరు ఆగిపోతుంది, గాలి ఆగిపోతుంది, ఊరితో మాట ఆగిపోతుంది. పడవల చోటు గురించి ఇంకో సంగతి. ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం. అదే మీకు సెలవుల సీజన్, అదే వాళ్లకి పడవలన్నీ ఒడ్డుకి లాగి బాగు చేసుకునే కాలం, వలలు అల్లుకునే కాలం. కుర్చీలు, గొడుగులు ఎక్కడ వేస్తారో వేసవి రాకముందే ఊరి పెద్దలతో కూర్చొని మాట్లాడుకోండి. పడవలు ఉన్న చోటు వాళ్లదే.

నీళ్లు, వెలుతురు

ఉద్దానంలో నీళ్ల మాట ఎత్తితే జనం గుండె బరువెక్కుతుంది, కిడ్నీ జబ్బులతో ఎన్ని ఇళ్లు చితికిపోయాయో చెప్పక్కర్లేదు. అలాంటి చోట స్విమ్మింగ్ పూల్ కోసం బోర్లు దింపడం నాకు మనసొప్పదు. పైగా తీరంలో మంచి నీరు ఉప్పు నీటి మీద పలచగా తేలుతూ ఉంటుంది, గట్టిగా తోడితే కింద నుంచి ఉప్పు పైకొస్తుంది, అది మీ ఒక్కరి బావితో ఆగదు. హై టైడ్ లైన్ నుంచి 200 మీటర్లలో భూగర్భ జలం తోడకూడదని రూల్ కూడా ఉంది. వాన నీరు పట్టండి. లెక్క సులువు: ఏడాదికి 1000 మిల్లీమీటర్ల వాన అనుకుంటే 100 చదరపు మీటర్ల కప్పు మీద లక్ష లీటర్లు పడతాయి, నష్టం పోను 80 వేల లీటర్లు చేతికొస్తాయి. ఈ అంకె చేతిలో పెట్టుకొని గదుల సంఖ్య తేల్చండి, గదులు తేల్చి నీళ్లు వెతకడం తలకిందులు పని. వాడిన నీటిని శుద్ధి చేసి అరటికి, కొబ్బరికి పెట్టండి. పూల్ తప్పదంటే చిన్నది ఒకటి చాలు.

వెలుతురు విషయంలో నేను రాజీ పడను. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన ఒడ్డుకి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట వచ్చి గుడ్లు పెడతాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుతురు ఎక్కువున్న వైపు పాకుతుంది, సహజంగా అది సముద్రం వైపు. మీరు తెల్లటి ఫోకస్ లైట్ వేస్తే అది రిసార్ట్ వైపు పాకి, తెల్లారేసరికి ఎండకో కుక్కలకో చచ్చిపోతుంది. శ్రీకూర్మంలో కూర్మనాథుణ్ణి కొలిచే జిల్లాలో మనం ఈ పని చేయొచ్చా? సముద్రం వైపు ఒక్క దీపం కూడా నేరుగా కనబడకూడదు, బాట దీపాలు మోకాలి ఎత్తులో, కిందికి చూస్తూ, ఎర్రటి లేదా ముదురు పసుపు రంగులో ఉండాలి. సీజన్‌లో పదింటికి అవి కూడా ఆపేయండి. టెక్కలి దగ్గర తేలినీలాపురం వైపు కడుతుంటే పక్షులది కూడా చూసుకోండి, పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు పెడతాయి, అవి ఉండే నెలల్లో బాణసంచా, డీజే రెండూ వద్దు.

ఏ బొమ్మ ఎక్కడ

సంస్కృతి అనగానే అందరూ గోడ మీద సవర గిరిజనుల బొమ్మలు వేయిద్దామంటారు. ఆగండి. ఆ బొమ్మ సవరలకి అలంకారం కాదు, పెద్దల కోసం, దేవతల కోసం ఇంటి లోపలి గోడ మీద పూజతో వేసేది. దాన్ని స్టెన్సిల్ తీసి బార్ కౌంటర్ వెనక అచ్చేస్తే వాళ్లకి ఎలా ఉంటుందో ఆలోచించండి. సవర చిత్రకారులు అమ్మకానికి కూడా బొమ్మలు వేస్తారు, సీతంపేట వైపు వెళ్లి వాళ్లనే పిలిచి, ఏది వేయొచ్చు, ఏది వేయకూడదు, ఏ గదిలో, అని వాళ్లనే తేల్చమనండి, పేరు రాయించండి, అడిగిన డబ్బు ఇవ్వండి. మన పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవరల భాష ముందు నేర్చుకున్నారు, ఆ తర్వాతే దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. మనకి ఆ వరస చాలు. ఇంకోటి, మన్యం ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనడానికి 1/70 చట్టం ఒప్పుకోదు. బినామీ పేరుతో కట్టే ప్రాజెక్ట్ అయితే నేను డ్రాయింగ్ కూడా గీయను.

శ్రీముఖలింగం గుడి శిఖరాన్ని సిమెంటుతో చిన్నది చేసి గేటు మీద పెట్టడం కూడా అలాంటిదే. గుడి గుడిగానే ఉండాలి. బస్సు వేసి అతిథుల్ని అక్కడికే తీసుకెళ్లండి, సాలిహుండం బౌద్ధ స్తూపాలు కూడా చూపించండి.

వాడుకలో ఉన్న వస్తువుల్ని మాత్రం ఎంత తెచ్చినా తప్పు లేదు. కర్టెన్లకి, దుప్పట్లకి పొందూరు ఖద్దరు తెప్పించండి, అక్కడ పత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడతో దువ్వే వాళ్లున్నారు, ఆ నేత ఉక్కపోతలో ఒంటికి ఎంత హాయిగా ఉంటుందో ఒక రాత్రి పడుకుంటే తెలుస్తుంది. దీపాలకి, చెంబులకి బుడితి ఇత్తడి. బొబ్బిలి వీణ పనస కొయ్యని తొలిచి చేస్తారు, దాన్ని రిసెప్షన్‌లో అద్దాల పెట్టెలో పెట్టకుండా వారానికొకసారి వాయించేవాళ్లని పిలవండి. మన జానపద నృత్యం తప్పెటగుళ్లు ఆడించాలనుకుంటే అన్నం తినేవాళ్ల ముందు పది నిమిషాల ఐటమ్‌గా కాకుండా, ఊరివాళ్లు కూడా వచ్చి కూర్చునేలా ఖాళీ స్థలంలో, వాళ్లకి కావలసినంత సేపు.

ఇక పని ఒప్పందాలు. తాపీ మేస్త్రి, వడ్రంగి, కప్పేవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచే ఉండాలని కాంట్రాక్ట్‌లో రాయండి, ఒక నమూనా గది ముందు వాళ్లతో కట్టించి, అందులో మీరు వారం పడుకొని, వాళ్లు చెప్పిన మార్పులు డ్రాయింగ్‌లోకి ఎక్కించాకే మిగిలినవి మొదలుపెట్టండి. కప్పు పని సంక్రాంతి తర్వాత మొదలై వానలకి ముందే ముగిసేలా చూసుకోండి, సగం బిగించిన కప్పు అక్టోబర్‌లో ఉండకూడదు. కట్టేశాక కూడా ఏటా సెప్టెంబర్ ఆఖరి వారంలో ఆ మేస్త్రీనే పిలిచి, నిచ్చెన వేయించి, ప్రతి బోల్టు చేత్తో తిప్పి చూడమనండి. ఆ రోజు కూలి బడ్జెట్‌లో మొదటి ఏడాది నుంచే రాసి పెట్టుకోండి.